వీపు మీద చెయ్యి

గుడియాత్తం బజారులో హార్డ్‌వేర్ అంగడి శెట్టిగారు చెవులకు పెట్టుకునే మూతల జతను బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు.

"ఏమప్పా, తలకు కిరీటం కొంటా ఉండావు? ఇంట్లో గొడవ జాస్తి అయిపోయిందా?"

"అవును శెట్టిగారూ. మా ఆయమ్మకి గూడా ఒకటి ఇయ్యండి. ఇద్దరం చెరొకటి పెట్టుకుంటే కాపురం చల్లగా ఉంటాది."

ఆయన నవ్వారు. దాన్ని కాగితంలో చుడుతూ చుడుతూ మధ్యలో ఆగిపోయారు. "మీ మామ ఇన్నేండ్లు ఈ అంగడికి వచ్చినాడు గదా. డ్రిల్లుకు బిట్లు తీసుకున్నాడు, గ్రీజు తీసుకున్నాడు, మిషను లోపలేసే కార్బన్లు తీసుకున్నాడు. దీన్ని మాత్రం చేత్తో ముట్టింది లేదు. ఎదురుగానే యాలాడతా ఉన్నింది చూడు, ఆ మేకుకే."

మాటకు మాట తగిలించడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. బడి నన్ను తొందరగానే వదిలేసింది, నేనూ దాని వెంటబడి బతిమాలలేదు. కానీ ఆ మేకు వైపు చూశాక, మాట బదులు డబ్బులు తీసి బల్ల మీద పెట్టాను. పొట్లం చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. శెట్టిగారు వెనకనుంచి, "ఏమప్పా, జోకులు అయిపోయినాయా?" అన్నారు.

అయిపోయాయి.

ఆయన నాకు మామేమీ కాదు. ఊళ్ళో అందరికీ మామే. గోడలకు బొక్కలు వేయడం ఆయన పని. హ్యామర్ డ్రిల్లు పెట్టెను మోపెడ్‌కు కట్టుకుని అటు వేలూరు దాకా, ఇటు మోర్ధానా డ్యాము దాకా తిరిగేవాడు. కిటికీలకు దోమతెరలూ కర్టెన్ రాడ్లూ బిగించేది నేను. ఆయన బొక్క వేస్తాడు, నేను అందులో దూరతాను. అంతకు ముందు నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఉండేవాణ్ణి. పక్కవాళ్ళను నవ్వించి పుల్లలు పారబోయిస్తున్నానని పంపించేశారు. మామ దగ్గర ఆ బాధ లేదు. మిషను చేతిలో ఉన్నంతసేపూ ఆయన నవ్వడు. కింద పెట్టాక ఎంతైనా నవ్వుతాడు.

సాయంత్రానికి ఆయన కనుబొమలు ఆ రోజు పని చేసిన గోడ రంగులోకి మారిపోయేవి. ఇటుక గోడైతే ఎర్రగా, సిమెంటు గోడైతే ముసలాడిలా తెల్లగా. కళ్ళద్దాలు తీస్తే కళ్ళ చుట్టూ మాత్రం అసలు మనిషి కనపడేవాడు. లుంగీలు నేసే ఊళ్ళో పని వేళ లుంగీ కట్టని మగాడు ఆయనొక్కడే. ఖాకీ నిక్కరు, పొట్టి చేతుల చొక్కా. భుజం మీద తువ్వాలు ఉంటే దాన్ని తీసి ఆ ఇంటివాళ్ళ చేతికిచ్చేవాడు. "దీన్ని కొంజం పట్టుకోమ్మా. తిరిగేదాని పక్కన యాలాడేది ఉండకూడదు. అది గుడ్డనా, వేలా అని చూడదు, చుట్టుకుంటాది." ఎంత పెద్దింటి ఆవిడైనా, పని అయ్యేదాకా ఆ చెమట తువ్వాలును పట్టుకుని నిలబడాల్సిందే.

తర్వాత గోడ దగ్గరికి పోయేవాడు. వేలి కణుపుతో టకటకా కొట్టి, "లోపల యవురైనా ఉండారా?" అని అడిగేవాడు. నిజంగానే అడిగేవాడు, పక్కింటి తలుపు తట్టినట్టు. తల వంచి, చెవి ఆనించి, కాసేపు విని తీర్పు చెప్పేవాడు. "ఉండారు. పైపు పోతా ఉండాది. జానెడు అవతలికి పోదాం." స్విచ్చి బోర్డుకు నేరుగా పైనగానీ, నేరుగా కిందగానీ బొక్క వేయమని ఎవరైనా చూపిస్తే చేతులు వెనక్కి కట్టేసుకునేవాడు. వైర్లు ఆ దారినే పైకీ కిందికీ పోతాయి. "బోర్డు పైనా, బోర్డు కిందా మన ఊరు కాదు సామీ. అది కరెంటోళ్ళ ఊరు."

ఏ గోడకు బొక్క వేయాలో ఆ గదికి పోయే ఫీజు పీకి చొక్కా జోబులో వేసుకోనిదే పని మొదలుపెట్టడు. మిషనుకు కరెంటు మాత్రం పక్క గదిలోనుంచో, పక్కింట్లోనుంచో పొడుగు వైరుతో తెచ్చుకునేవాడు. ఫీజు బోర్డులోనే వదిలేస్తే, ఫ్యాను తిరగడం లేదని ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ తగిలించేస్తారని ఆయన భయం. ఒకసారి ఒక పెద్దావిడతో, "ఫీజు నా జోబులో పడితేనే పని మొదలు పెట్టేదమ్మా" అన్నాడు. ఆమె మండిపడింది. "ఏమప్పా, పని కాకముందే ఫీజు అడగతా ఉండావే, నువ్వేమన్నా డాక్టరా?" ఆయన జోబులోంచి పింగాణీ ఫీజు తీసి చూపించాడు. ఆ రోజంతా నేను ఆయన్ను డాక్టర్ మామా అని పిలిచాను.

మిషనును ఆయన చూసుకున్నట్టు మా ఇంట్లో నన్ను ఎవరూ చూసుకోలేదు. బిట్టు తోకకు గ్రీజు రాసి గాని లోపలికి తోయడు. పొద్దున్నే వైరును ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్ళ మధ్య పోనిచ్చేవాడు, తల్లి బిడ్డ తలలో పేలు చూసినట్టు. ఎక్కడైనా తోలు చిట్లిందేమోనని. పని అయ్యాక సైకిలు పంపుతో మిషను గాలి సందుల్లోని దుమ్మంతా ఊదేవాడు. బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకి ఎదురుగా పెట్టుకుంటాడు, కళ్ళకు కనపడాలి. పైకప్పుకు బొక్క వేయాలంటే సగానికి కోసిన రబ్బరు బంతిని బిట్టుకు గుచ్చేవాడు. దుమ్మంతా ఆ గిన్నెలో పడేది. "గోడ తుమ్మితే మన మొహం మీద తుమ్మకూడదు" అనేవాడు.

నేను మొదటిసారి మిషను పట్టుకున్నప్పుడు ఎద్దులా తోశాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"తొయ్యద్దప్పా. గోడకీ నీకీ పగా ఏమన్నా ఉండాదా? దాని పని అది చేస్తాది. నువ్వు దాని వెనకాలే పో, అంతే."

"మామా, కాబోయే మామగారి దగ్గరికి గూడా ఇంత వినయంగా పోలేదు."

"దానికే ఆయన బిడ్డను నీకిచ్చేదానికి అంత యోచన చేసినాడు. రెండు చేతులూ మిషను మీదే పెట్టు. లోపల ఇనప కమ్మి తగిలిందంటే మిషను తిరక్కుండా నీ చెయ్యి తిరగతాది. ఒక చెయ్యి మిషను మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టేది సినిమాల్లోనే."

ఆయనకు వచ్చిన జోకు ఒకటే. తమిళంలో ఓట్టు అంటే ఓటు, ఓట్టె అంటే బొక్క, పోడడమంటే వేయడం. ఏ ఇంటికి పోయినా గుమ్మంలో నిలబడి, చేతులు జోడించి, "అమ్మా, అందరూ ఓట్టు పోడమని వస్తారు, నేను ఓట్టె పోడేదానికి వచ్చినా" అనేవాడు. ఎలక్షన్లు ఉన్నా లేకపోయినా ఇదే. నేను ఆయన వెనక నిలబడి, పెదాలతో ఆ మాటలే ఆయనతో పాటు చదివి ఇంటివాళ్ళను నవ్వించేవాణ్ణి. తన జోకుకే నవ్వుతున్నారని ఆయన పొంగిపోయేవాడు.

డ్రిల్లు పెట్టె మీద బొమ్మలు అంటించి ఉండేవి. వాటి కింది ఇంగ్లీషు మా ఇద్దరికీ రాదు గాబట్టి బొమ్మల్నే చదివేవాళ్ళం. కళ్ళద్దాలు పెట్టుకున్న తల బొమ్మ ఒకటి. అది ఆయనకు వెంటనే అర్థమైంది, పెట్టుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న తల ఒకటి. కట్టుకున్నాడు. మూడోది రెండు చెవుల మీదా పెద్ద బిళ్ళలు పెట్టుకున్న తల.

"ఇదేందప్పా?"

నేను చూసి, "పాటలు వినేది మామా. బస్సుల్లో కాలేజీ పిల్లకాయలు పెట్టుకుంటారే, అదే. అలుపు తెలీకుండా పాటలు వింటా పని చేసుకోమంటా ఉండారు" అన్నాను. అప్పుడు నేను జోకు వేయలేదు. నిజంగా అదే అనుకున్నాను.

"మంచోళ్ళప్పా కంపెనీవోళ్ళు" అన్నాడు మామ. "అయినా మనకు పాటలెందుకు? చెవులు మూసుకుంటే గోడ చెప్పేది యాడ వినేది?"

నేను ఎన్ని జోకులు వేసినా మామ నవ్వేవాడు. పాత జోకుకు కూడా కొత్త నవ్వే నవ్వేవాడు. మా ఆవిడ ముఖం చిట్లించుకునే జోకులకు ఆయన మోకాళ్ళు కొట్టుకుని నవ్వేవాడు. ఈ జిల్లాలో నా విలువ తెలిసినవాడు ఒక్కడున్నాడని నేను తల ఎగరేసుకుని తిరిగేవాణ్ణి.

మోర్ధానా పోయే దారిలో ఒక ఇంట్లో వంటింటి గోడకు అలమర బిగించే పని వచ్చింది. నేను ముందుగదిలో కిటికీ కొలుస్తున్నాను. మామ గోడ కొట్టి, "యవురూ లేరు" అనడం వినిపించింది. మిషను మొదలైంది. కాసేపటికి ఆ ఇంటావిడ కేకలు. "నిలుపప్పా! నీళ్ళు! అయ్యో, నీళ్ళు!" కేకల మీద కేకలు. మిషను మాత్రం ఆగలేదు.

పరిగెత్తి చూస్తే, గోడలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆమె ఆయన వెనకాలే నిలబడి, తువ్వాలు గుండెకు అదుముకుని అరుస్తోంది. ఆయన తల వంచుకుని, ఇంట్లో ఒక్కడే ఉన్నవాడిలా, నింపాదిగా బొక్క వేసుకుంటున్నాడు. నేను ముందుగదిలోకి దూకి ప్లగ్గు పీకేశాను. మిషను చచ్చిపోయాక ఆయన ముందు మిషనును చూశాడు, తర్వాత తడిసిన చొక్కాను, తర్వాత నన్ను. ఆఖర్న ఆవిడ వైపు తిరిగి, కదులుతున్న ఆమె నోటిని చూశాడు. ఆ చూపు చూశాక నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మా, మోర్ధానా నీళ్ళు మా ఇంటిదాకా రావడంలేదని పొద్దున అంటా ఉంటివే. వచ్చేసినాయి చూడు" అన్నాను. ఆవిడ తిడుతూనే నవ్వింది. పైపుకు అతుకు వేసి బయటపడ్డాం.

దారిలో టీ అంగడి దగ్గర ఆపాను.

"మామా, ఆయమ్మ అంత అరస్తా ఉంటే నీకు వినబళ్ళేదా?"

ఆయన గ్లాసు కింద పెట్టి నా నోటి వైపు చూశాడు. నేను మాట్లాడేటప్పుడల్లా ఆయన అట్లాగే చూసేవాడు. నా అందాన్ని చూస్తున్నాడనుకునేవాణ్ణి.

"యవురికీ చెప్పొద్దప్పా" అన్నాడు. "చెవిటోడు మిషను పట్టుకోని వస్తే యవురు గోడ ఇస్తారు?"

"ఎప్పట్నించి?"

"అదీ సరిగ్గా తెలీదు. రాను రానూ ఊరంతా మెల్లిగా మాట్లాడతా ఉన్నెట్లు ఉన్నింది. మంచిదే, జనానికి మర్యాద వచ్చింది అనుకుంటి."

నేను గొంతు సవరించుకుని, ముఖ్యమైన సంగతి అడిగాను. "అయితే నా జోకులు?"

"నీ నోరు ఆగినాక నవ్వేది" అన్నాడు మామ. "ఎప్పుడూ తప్పింది లేదు."

టీ చల్లారిపోయింది. నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్కడు నా మాట ఒక్కటీ వినలేదు. కోపం తెచ్చుకుందామని చూశాను. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు, ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు నవ్వుదామా అని. కోపం రాలేదు.

వేలూరులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పోయింది రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, మిషను పెట్టేటప్పుడు చెవులు మూసుకోవాలి అన్నారు. గోడ మీద పటంలో ఆ బొమ్మే ఉంది, బిళ్ళలు పెట్టుకున్న తల. బయటికి వచ్చాక మామ నన్ను చొక్కా పట్టి ఆపాడు.

"అంటే అది పాటల బొమ్మ కాదా?"

కాదన్నట్టు తల ఊపాను.

ఆయన నా చొక్కా వదిలేశాడు. మోపెడ్ ఎక్కుతూ, "కంపెనీవోడు ముందే చెప్పినాడు అయితే. మనమే తప్పుగా విన్నాం" అన్నాడు.

అయినా చెవులకు ఏమీ పెట్టుకోలేదు. "అది తగిలించుకోని ఒక ఇంటికి పోతే, తెలియనోడికి గూడా తెలిసిపోతాది" అన్నాడు. మిషను మానేయమంటే, ఇంట్లో కూర్చుని ఏ గోడతో మాట్లాడేదని అడిగాడు. అందుకని ఇద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన గోడ కొడతాడు, నేను వింటాను. ఆయన బొక్క వేస్తున్నంతసేపూ నేను వెనక నిలబడి నా అరచెయ్యి ఆయన వీపు మీద పెడతాను. చెయ్యి ఊరికే ఉంటే అంతా బాగున్నట్టు. గట్టిగా నొక్కితే ఆపమన్నట్టు. ఇంటివాళ్ళు అడిగితే, "మామకు వయసయింది గదా, వెనక్కి పడకుండా పట్టుకోనుండా" అనేవాణ్ణి. వయసయిందన్నందుకు ఆయన మూతి ముడుచుకునేవాడు. ఆ ఒక్క మాట మాత్రం ఎట్లా తెలిసేదో!

గోడ నాకు వచ్చింది అట్లా. చేతుల్లోంచి కాదు, ఆయన వీపులోంచి. ఇటుకైతే ఆ వీపు గుసగుసలాడినట్టు ఉండేది. కాంక్రీటైతే పళ్ళు కొరికేది. కమ్మి తగలబోయే ముందు ఒక్క క్షణం బిగుసుకునేది, నేను నొక్కేలోపే ఆయన వేలు స్విచ్చి మీదినుంచి లేచేది. ఒక్కోసారి ఎవరు ఎవరికి చెప్పామో తెలిసేది కాదు.

ఒకరోజు వేలూరులో ఒక మేడ మీద పని. ఆయన గోడ వైపు తిరిగి, మిషను ఆపి, బిట్టు గురి చూసుకుంటున్నాడు. నేను వెనక నిలబడి, వీపు మీద చెయ్యి పెట్టి, అలవాటు కొద్దీ ఏదో వాగాను. ఆ ఇంటాయన గురక గురించి. ఆయనకు వినపడదు, నా నోరు కనపడదు. అయినా ఆ వీపు కదిలింది. కదిలి కదిలి, మిషను కింద పెట్టేసి మరీ నవ్వాడు.

ఆయన్ను నా వైపు తిప్పుకుని అడిగాను. "మామా, ఇప్పుడెట్లా వినబడింది?"

"వినబళ్ళేదప్పా."

"మరెందుకు నవ్వినావు?"

"నీ చెయ్యి నవ్వతా ఉన్నింది."

అప్పటినుంచి నేను వెనకనుంచే జోకులు చెప్పాను. నోరు ఆగాక నవ్వాల్సిన పని ఆయనకు తప్పింది.

చలిజ్వరమని మామను వేలూరు ఆస్పత్రిలో చేర్చారు. చూడ్డానికి పోతే ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నర్సమ్మ రెండుసార్లు పిలిచి, జవాబు రాక విసుక్కుని పోయింది. మామ భార్య, అదే మా అత్త, మందుల కోసం కిందికి పోయింది. నేను మంచం అంచున కూర్చుని వీపు మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. ఆయన జోకే చెప్పాను. "మామా, అందరూ ఓట్టు పోడమని వస్తారు, నేను ఓట్టె పోడేదానికి వచ్చినా." వీపు చిన్నగా రెండు మూడుసార్లు కదిలింది. దగ్గో, నవ్వో తెలియలేదు. తిప్పి చూద్దామనుకుని చూడలేదు.

మామ కర్మలయ్యాక అత్త నన్ను పిలిచి డ్రిల్లు పెట్టె చేతికిచ్చింది. "తీసుకోని పో నాయనా. ఇంట్లో ఉంటే గోడలన్నీ దాన్నే చూస్తా ఉండాయి" అంది.

అదిగో, ఆ మిషనుకు తోడుగానే శెట్టిగారి దగ్గర చెవి మూతలు కొన్నాను. మరుసటి రోజే ఒడుగత్తూరులో పని. ఒక ముసలావిడ ఇంట్లో నీళ్ళ ఫిల్టరు బిగించాలి. వైరును వేళ్ళ మధ్య పోనిచ్చాను. బిట్టు తోకకు గ్రీజు రాశాను. నా తువ్వాలు ఆవిడ చేతికిచ్చాను. ఫీజు జోబులో వేసుకున్నాను. గోడ కొట్టి, "లోపల యవురైనా ఉండారా?" అన్నాను.

"నేనుండానే ఇక్కడ, కనపళ్ళేదా నీకు?" అంది ఆవిడ.

నవ్వి, కళ్ళద్దాలు పెట్టుకుని, మూతలు చెవులకు తగిలించాను. ఊరు మొత్తం ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. మామ ఉన్న చోటు ఇదే కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన ఇక్కడే నిలబడి నా నోటి వైపు చూసేవాడు.

రెండు చేతులూ మిషను మీద పెట్టి స్విచ్చి నొక్కాను. తోయలేదు, వెనకాలే పోయాను. ఇటుక. ఎప్పుడూ చూసిన ఇటుకే, కానీ చేతులకు మరీ మొరటుగా తగిలింది. ఆయన వీపులోంచి వచ్చేటప్పుడు గోడ మెత్తగా ఉండేది.

సగం బొక్క పడిందో లేదో, నా వీపు మీద చెయ్యి పడింది. అరచెయ్యి, వేళ్ళతో సహా, పూర్తిగా. గట్టిగా నొక్కింది.

నా వేలు దానంతట అదే స్విచ్చి వదిలేసింది. బిట్టు ఆగింది. ఆ ముసలావిడేనని తెలుసు. కాఫీ కావాలా అనో, ఫోను మోగుతోందనో ఏదో అడుగుతూ ఉంటుంది. మూతలు తీసి తిరిగి చూడాలి. చూస్తే చెయ్యి తీసేస్తుంది.

రెండు చేతులూ మిషను మీదే ఉంచి, గోడ వైపే చూస్తూ, ఇంకాసేపు అట్లాగే నిలబడ్డాను.